పడుగుల షెడ్డులో పట్టీ లెక్కలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని సొసైటీ లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నూలు ధర, సరిగె ధర, రావలసిన రిబేటు బాకీ – వీటి గురించి ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నాం, మీరు వింటూనే ఉన్నారు. అందుకని అధ్యక్షుల వారి అనుమతి తీసుకుని ఈసారి పిల్లల లెక్కల గురించి మాట్లాడదామనుకున్నాం. మేము చదివింది ఎనిమిదో తరగతి. పంతుళ్లెవరైనా ఈ సభలో ఉంటే తప్పులు దిద్దండి, కానీ చివరిదాకా విని దిద్దండి.

మాది కంచి. మా ఇంట్లో కోర్వై చీరలు నేసేవాళ్లు. షోలాపూర్, బరంపురం నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కోర్వై చీరలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు, రెండింటికీ పేక వేరు. మూడు నాడెలు ఆడాలి. నేసేవాడికి ఉన్నవి రెండు చేతులే గదా. అందుకని పక్కన ఒక పిల్లవాడు కూర్చుని అటువైపు అంచు నాడె వేసేవాడు. ఆ పిల్లవాడి చోటు మాది. ఎనిమిదో తరగతి సగంలో మా అన్నయ్యకు పెళ్లయి వేరుపడ్డాడు, నాన్న పక్కన మనిషి లేడు, మేము వెళ్లి కూర్చున్నాం. అప్పటికే బళ్లో లెక్కలు తలకెక్కడం మానేశాయి కాబట్టి పెద్దగా బాధ కూడా అనిపించలేదు. బాధ తర్వాత వచ్చింది, అది వేరే కథ.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, మా సొసైటీ సభ్యుడొకాయన తన కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పిల్లవాడు ఆరో తరగతి. "అన్నా, వీడికి లెక్కలు రావు. టీచరమ్మ కూడా చెప్పేసింది. ఊరికే తిప్పి ఏం లాభం? నా పక్కన కూర్చోబెట్టుకుంటా. పడుగు ఇంకొకటి ఎక్కువ రాయండి" అన్నాడు. మాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. పిల్లవాణ్ణి పిలిచి, బల్ల మీద ఉన్న డిజైను గ్రాఫు చూపించి అడిగాం. "ఒరేయ్, ఈ పువ్వు 48 పోగులకు ఒకసారి తిరుగుతుంది. అంచుకు 240 పోగులు. ఎన్ని పూలు పడతాయి?" వాడు వేళ్లు కూడా ముడవలేదు. "అయిదు తాతా" అన్నాడు.

ఇది లెక్క కాదా మరి?

నోటుపుస్తకం తెరిపించాం. కూడికలు, తీసివేతలు, గుణకారాలు అన్నీ ఒప్పులే. ఎర్ర సిరా అంతా మాటల లెక్కల దగ్గరే ఉంది. పుస్తకాల్లో వాటిని పద సమస్యలంటారు. "కుమార్ దగ్గర 45 గోలీలు ఉన్నాయి. అవి సెల్వం దగ్గర ఉన్నవాటికంటే 15 ఎక్కువ. సెల్వం దగ్గర ఎన్ని?" వీడు 60 అని రాశాడు. ఎక్కువ అన్న మాట కనపడగానే కలిపేశాడు. ఇంకో లెక్క. "తమ్ముడి కూలి 1,500. అన్న కూలి దానికి మూడు మడంగు. అన్న కూలి ఎంత?" తమిళంలో మడంగు అంటే రెట్లు. వీడు 500 అని రాశాడు. ఎందుకురా భాగించావని అడిగితే వాడు చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "తాతా, గుడ్డను మూడు మడతలు పెడితే చిన్నదే గదా అవుతుంది?"

వాళ్ల నాన్న నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. పిల్లవాడు తప్పు ఆలోచించలేదు. ఇంట్లో పొద్దస్తమానం వినే మాటతో బడిలో విన్న మాటను అతుక్కున్నాడు, అంతే. ఇంట్లో మడత అంటే గుడ్డ, బడిలో మడంగు అంటే రెట్టు. ఆ రెండింటి మధ్య ఉన్న గోడ టీచరమ్మకు కనపడదు, మనకూ కనపడదు.

నిన్న రాత్రి విడిదిలో ఈ సంగతి చెప్తే షోలాపూర్ తమ్ముడు పడీపడీ నవ్వాడు. మరాఠీలో రెండు రెట్లను దుప్పట్ అంటారట. దుప్పట్లకు పేరుపడ్డ ఊళ్లో తెలుగింటి పిల్లవాడికి ఆ మాట వింటే ఏం తోస్తుంది చెప్పండి! కన్నడంలో రెట్లను పట్టు అంటారు. మూరు పట్టు అంటే మూడు రెట్లు. పట్టు నేసే మన పిల్లలకు మూడు పట్టుచీరలు గుర్తొస్తే వాళ్ల తప్పా? ఒడియాలో గుణ అంటారు, కొంచెం నయం, గుణకారం తగులుతుంది. యానాం వాళ్లు అదృష్టవంతులు, ఇంటి మాటే బడి మాట. అయితే అక్కడ కూడా ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ తంటా తప్పదని వాళ్లే చెప్పారు.

మాకు చిన్నప్పుడు అయిదో తరగతి దాకా తెలుగు సెక్షన్ ఉండేది. ఆరులో తమిళంలోకి మారాం. మాకు లెక్కలు పోయింది సరిగ్గా అప్పుడే. ఇన్నేళ్లూ మాకు బుర్ర లేదనే అనుకున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాం. 2021 చివర్లో తమిళనాడు ప్రభుత్వం 'ఇల్లం తేడి కల్వి' అని ఒక పథకం పెట్టింది. చదువే ఇంటిని వెతుక్కుంటూ రావడం అని అర్థం. బడులు మూతపడి వెనకబడ్డ పిల్లలకు వీధుల్లోనే సాయంత్రం పూట వాలంటీర్లు చెప్పేవాళ్లు. మా వీధికి వచ్చింది పక్క వీధి నేతగాడి కూతురే, బి.ఎడ్. చదువుతోంది. చోటు లేదంటే సొసైటీ పడుగుల షెడ్డు ఇచ్చాం. సాయంత్రం ఎలాగూ అక్కడ పని ఉండదు. ఆ కుర్రవాణ్ణి కూడా అందులో కూర్చోబెట్టాం. పడుగు ఎక్కువ రాయడం మాత్రం ఆర్నెల్లు ఆపాం. వాళ్ల నాన్న మామీద అలిగాడు, మాట్లాడడం మానేశాడు కూడా.

మొదటి వారం ఆ అమ్మాయి గోలీల లెక్కే తీసుకుంది. నేలమీద సుద్దముక్కతో రెండు పొడుగాటి పట్టీలు గీసింది, ఒకదాని కింద ఒకటి, ఎడమవైపు కొసలు సమంగా. "ఇది కుమార్, ఇది సెల్వం. ఎవరి పట్టీ పొడుగుండాలి?" పిల్లలు పుస్తకం మళ్లీ చదివి కుమార్‌ది అన్నారు. కుమార్ పట్టీని కొంచెం పొడిగించి, ఎక్కువ ఉన్న ముక్క మీద 15 అని రాసింది. పై పట్టీ మొత్తం మీద 45. సెల్వం పట్టీ మీద ప్రశ్న గుర్తు. అంతే. కలపాలా తియ్యాలా అని ఆమె అడగలేదు. మన కుర్రవాడు నేలవైపు చూసి, "30" అని గొణిగాడు. తర్వాత గట్టిగా, "అక్కా, 60 ఎలా అవుతుంది? సెల్వంది పొట్టిది గదా!" అన్నాడు. తన పాత జవాబును తనే కొట్టేశాడు.

మడంగు లెక్కకు ఆమె చేసింది ఇంకా బాగుంది. తమ్ముడికి ఒక డబ్బా గీసి, అన్నకు అలాంటివే మూడు డబ్బాలు పక్కపక్కన గీయించింది. మడతను విప్పి పరిచినట్టు. వాడికి అప్పుడు తెలిసింది, మడంగు అంటే మడిచేది కాదు, పరిచేది అని. ఆ వెంటనే లెక్కను తిప్పింది. ఇద్దరి కూలి కలిపి 6,000, అన్నది తమ్ముడిదానికి మూడు రెట్లు, ఎవరిది ఎంత? నేలమీద మొత్తం నాలుగు డబ్బాలున్నాయి. 6,000ను నాలుగు చేస్తే డబ్బాకు 1,500. తమ్ముడికి 1,500, అన్నకు 4,500. ఈ లెక్కను మూడు చేత భాగించి 2,000 అని రాసే పిల్లలే ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆ రోజు గుమ్మంలో నిలబడి మేము మనసులో అనుకున్నది కూడా 2,000 అనే.

ఇది ఎక్కడిదమ్మా అని అడిగాం. సింగపూర్‌ది అంది. 1980ల్లో అక్కడి విద్యాశాఖలో ఖో టెక్ హాంగ్ అనే ఆయన నాయకత్వంలో కొందరు కూర్చుని చిన్న తరగతుల పుస్తకాల్లో ఈ పట్టీ బొమ్మలు పెట్టారట. ఆ దేశంలో చాలా ఇళ్లల్లో చైనా భాష, మలయ్, తమిళం మాట్లాడతారు, బళ్లో లెక్కలు ఇంగ్లీషులో చెప్తారు. అది వినగానే మాకు ఒక విధంగా బంధువుల సంగతి విన్నట్టయింది. 1995లో దేశాల మధ్య పిల్లల లెక్కల పరీక్ష పెడితే సింగపూర్ పిల్లలు ముందు నిలిచారని కూడా చెప్పింది.

ఇంట్లో ఎలా చేయాలో చెప్తాం, ముఖ్యంగా తల్లులు వినండి. తమిళం రాదు, ఇంగ్లీషు రాదు, మేమేం చెప్తాం అనుకోవద్దు. మొదట లెక్కలో అంకెల మీద వేలు పెట్టి మూసేయమనండి. అంకెలు కనపడితే పిల్లలు ఆగరు, వెంటనే కలపడమో తీసేయడమో చేస్తారు. అంకెలు లేకుండా కథను తెలుగులో చెప్పించుకోండి. "అమ్మా, ఒకడి దగ్గర గోలీలున్నాయి, వాడి దగ్గర ఇంకొకడికంటే కొన్ని ఎక్కువున్నాయి, ఆ ఇంకొకడి దగ్గర ఎన్నో కనుక్కోవాలి." ఇలా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. చెప్పలేకపోతే వాడికి లెక్క రాక కాదు, వాక్యం అర్థం కాక. అప్పుడు ఆ మాటకు అర్థం పక్కింటివాళ్లనో టీచర్‌నో అడగమనండి.

రెండోది, చిన్న పిల్లలకు సుద్దముక్కకు ముందు చేతికి వస్తువు ఇవ్వండి. మనింట్లో దేనికి కొరత? కండెల్లో మిగిలిన పోగు ముక్కలున్నాయి. కుమార్‌కు ఒక పోగు, సెల్వానికి ఒక పోగు, పక్కపక్కన పెట్టి పొడుగు ఎక్కడ మిగిలిందో చూపమనండి. అది చేతికి అలవాటయ్యాక నేల మీద పట్టీ, ఆ తర్వాత నోటుపుస్తకంలో అంకెలు. గ్రాఫు కాగితం మీద గడిని పోగుగా చూడడం మన పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. ఆరంగుళాల గ్రాఫును చూసి కొంగు ఎలా ఉంటుందో చెప్పే ఇంటి పిల్లవాడికి, పట్టీని చూసి 6,000 రూపాయలను ఊహించడం కష్టమా?

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. వానకు ఆఫీసు కారి ధరల పుస్తకం తడిసిపోయింది. పండగ అమ్మకాల బిల్లుల్లో రిబేటు పోను మిగిలిన మొత్తం మాత్రమే చదవడానికి వీలుగా ఉంది. 20 శాతం రిబేటు పోను చీర 8,000. అసలు ధర కట్టి రిబేటు క్లెయిము పంపాలి. మేము ఏం చేశాం? 8,000లో 20 శాతం 1,600 కదా, కలిపితే 9,600 అని రాశాం. అలాంటి చీరలు 12. ఆడిటు నాటికి బయటపడింది, అప్పటికి క్లెయిము గడువు దాటింది. అసలు ధర 10,000, రిబేటు 2,000. చీరకు 400 చొప్పున సొసైటీకి 4,800 నష్టం. మా జీతంలోంచి నెలకు 400 లెక్కన ఏడాది పాటు కట్టాం. ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు మా ఆవిడ మొదటి వరసలో కూర్చుని ఉంది, ఇవాళే తెలిసింది ఆమెకు.

మొన్న షెడ్డులో అదే లెక్కను పేర్లు మార్చి పిల్లలకు ఇచ్చాం. ఏడో తరగతి పాప ఒక పట్టీ గీసి అయిదు ముక్కలు చేసింది. 20 శాతమంటే అయిదింట ఒకటి. ఒక ముక్కను కొట్టేసింది. మిగిలిన నాలుగు ముక్కలు 8,000, ముక్క 2,000, పట్టీ మొత్తం 10,000. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మేము తీసిన 20 శాతం కొట్టేసిన తర్వాత మిగిలిన నాలుగు ముక్కల్లోది, ఆ పాప తీసింది పూర్తి పట్టీలోది. ఇరవై ఏళ్ల తర్వాత మా తప్పు ఎక్కడుందో మా కళ్లకు కనపడింది. అప్పుడు ఆడిటరు గారు ఎంత చెప్పినా మాకు జవాబు తెలిసింది గానీ తప్పు తెలియలేదు.

ఇందులో ఇబ్బందులు లేవని చెప్పం. పిల్లలు కొందరు పట్టీలకు రంగులు వేసి, అంచులు గీసి, పువ్వులు దించి గంట గడిపేస్తారు. నేతింటి పిల్లలు కదా. అది వద్దనాలి, ఉత్త గీతలు చాలు. కొందరు సమానంగా ఉండాల్సిన ముక్కల్ని హెచ్చుతగ్గులుగా గీసి తప్పుదోవ పడతారు. ఒక పాప ఎంత చెప్పినా తప్పులే రాస్తుంటే తర్వాత తెలిసింది, ఆమెకు బోర్డు మీది అంకెలు సరిగా కనపడవని. కళ్లద్దాలు వేయించాక సరిపోయింది. బడిలో ఒకచోట బొమ్మ గీస్తే మార్కులు తీసేశారు, మెట్లు రాయలేదని. అందుకని పట్టీ పక్కన మెట్లు కూడా రాయమని చెప్పండి, టీచర్‌తో తగవు పడొద్దు. అన్ని లెక్కలూ పట్టీలో ఇమడవు కూడా. కోణాలకు, విస్తీర్ణాలకు వేరే బొమ్మలు కావాలి.

పెద్ద తరగతుల్లో ఎక్స్ వస్తుంది, అప్పుడు ఈ పట్టీలన్నీ వృథా కాదా అని ఒకాయన అడిగారు. మేము ఎక్స్ దగ్గరే ఆగిపోయినవాళ్లం, కాబట్టి ఆ అమ్మాయినే అడిగాం. ఎంతో తెలియని డబ్బాకు పెట్టిన పేరే ఎక్స్ అంది. నాలుగు డబ్బాలు 6,000 అనే బదులు నాలుగు ఎక్స్‌లు 6,000 అంటారంతే. ఈ ఒక్క ముక్క మాకు ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ కుర్రవాడి సంగతి అడుగుతారు. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. క్లాసులో మొదటివాడేం కాదు, మధ్యలో ఉంటాడు. ఆదివారం నాన్న పక్కన కోర్వై మీద కూర్చుంటాడు. దాన్ని మేము వద్దనలేదు, ఆ ఇంటికి ఆ చీర కూలి కావాలి. వాళ్ల నాన్న మళ్లీ మాట్లాడుతున్నాడు. కూలి లెక్క చూసుకునేటప్పుడు కొడుకును వెంట తెస్తాడు, వాడు మా ఎదుటే చీటీ వెనక పట్టీలు గీసి మా లెక్కను సరిచూస్తాడు. మొన్న ఒకసారి 70 రూపాయలు మేము తక్కువ వేశామని చూపించాడు కూడా. ఇచ్చేశాం.

సొసైటీలు నడిపే అన్నదమ్ములకు ఒక్క విన్నపం. షెడ్డు సాయంత్రాలు ఖాళీగా ఉంటే పిల్లలకు వదలండి. సుద్దముక్కలకు అయ్యే ఖర్చు మీ టీ ఖర్చులో పదో వంతు కూడా కాదు. మా షెడ్డులో నేల మీద ముగ్గుకంటే పట్టీలే ఎక్కువయ్యాయని ఆడవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

భోజనాలకు ఇంకా కొంచెం టైముంది అంటున్నారు. అందుకని అందరికీ ఒక లెక్క ఇస్తున్నాం. మగ్గం మీద ఒక పడుగు ఉంది. అందులో అయిదింట రెండు వంతులు నేశాం. ఇంకా 6 మీటర్లు నేస్తే సరిగ్గా సగం పడుగు అవుతుంది. పడుగు మొత్తం పొడవెంత? ఎక్స్ పెట్టొద్దు, ఫోను తీయొద్దు. ఆహ్వాన పత్రిక వెనకవైపు ఖాళీగానే ఉంది, పట్టీ గీయండి. మంచినీళ్ల బల్ల దగ్గర మా షెడ్డు పిల్లలు నలుగురు నిలబడి ఉంటారు, జవాబు వాళ్లకు చూపించండి. తప్పయితే వాళ్లే దిద్దుతారు.